పొత్తులో మన పాలెంత?

(యురేనియం బోర్ల విషయం మాట్లాడుకోవడానికి పత్తికొండ ప్రాంతంలోని ఒక దళితవాడలో రాత్రిపూట జరిగిన కూడికలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం. రికార్డు విని రాసుకున్నాం. మాట్లాడిన తీరును పెద్దగా మార్చలేదు. - సం.)



కూలి చేసొచ్చి, ఇంత తిని వచ్చి కూచున్నారు. తెల్లారుజామున నాలుగింటికి మళ్ళీ లేవాలని నాకు తెలుసు. పెద్ద సభల్లో మాదిరి అరగంట వందనాలు చెప్పి మీ నిద్ర చెడగొట్టను. నేరుగా విషయానికి వస్తా.

"సారూ, యురేనియం అంటే ఏమో వచ్చి చెప్పిపో" అని మీ పిల్లోళ్ళు నన్ను పిలిచినారు. నేను బడిలో సాంఘికశాస్త్రం చెప్పేవాణ్ణి, సైంటిస్టును కాను. దొరికిన కాగితాలన్నీ కూచొని చదివినా. చదివితే ఒకటి అర్థమైంది. ఇది పెద్ద సైన్సు, మీకు తెలియదు అని మనల్ని దూరం పెడతాండారు గానీ, ఇందులో సగం సేద్యం లెక్కే. గుత్త, కోరు, పొత్తు. మనకు తెలిసిన లెక్క. ఆ లెక్కలోనే చెప్తా.

ఒకాయనకు భూమి ఉంది, ఎద్దులు లేవు. ఇంకొకాయనకు ఎద్దులున్నాయి, భూమి చాలదు. ఇద్దరూ పొత్తు పెట్టుకుంటారు. విత్తనం ఎవరిది, ఎరువు ఎవరిది అని ముందే మాట్లాడుకుంటారు. పంట కళ్ళానికి వచ్చినాక పాలు పంచుకుంటారు. మరి మన దగ్గర ఏముంది? రెక్కలున్నాయి. రెక్కలకు కూలి ఉంది గానీ పాలు లేదు. పొత్తు మాట్లాడుకునే కాడ మనల్ని కూచోబెట్టిన రోజు మన తాతల కాలంలో లేదు, మన నాయన కాలంలో లేదు.

గనుల కంపెనీలు కూడా ఇట్లనే పొత్తు పెట్టుకుంటాయి. ఇంగ్లీషులో దాన్ని జాయింట్ వెంచర్ అంటారు. ఒక చిన్న కంపెనీ చేతిలో ఫలానా కొండల్లో వెతుక్కునే పర్మిట్టు ఉంటుంది, డబ్బుండదు. పెద్ద కంపెనీ వస్తుంది. "ఇన్ని కోట్లు బోర్లకు నేను పెడతా, దొరికినదాంట్లో నాకు ఇంత పాలు రాయి" అంటుంది. ఎందుకంటే, భూమిలో వెతకడం జూదం. వంద చోట్ల బోర్లు వేస్తే ఏ ఒక్క చోటో గనికి సరిపడే రాయి దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. పోతే ఒక్కడే మునగకుండా నష్టాన్ని పంచుకోవడానికి పెట్టుకున్న పద్ధతి ఇది. నష్టం పంచుకుంటారు, లాభం పంచుకుంటారు. ఆ కాగితంలో కంపెనీల పేర్లుంటాయి, పాళ్ళుంటాయి. ఆ కొండ కింద ఊళ్ళున్నాయా, ఆ ఊళ్ళ నష్టం ఎవరి పాలు అనేది ఆ కాగితంలో ఉండదు.

ఇదంతా ఊరికే చెప్తే గాలిమాట అనుకుంటారు. జరిగిన సంగతి ఒకటి చెప్తా. మన దేశంది కాదు. ఆస్ట్రేలియా అని క్రికెట్లో వింటుంటారే పిల్లోళ్ళు, ఆ దేశం. దాని ఉత్తరం కొసన కాకడు అనే అడవి ప్రాంతం ఉంది. వానాకాలం నీళ్ళు నిలిచే పెద్ద పెద్ద మడుగులు, రాతిగుట్టలు, గుట్టల గుహల్లో వేల ఏండ్ల నాటి బొమ్మలు. అక్కడ ఆదివాసులున్నారు. మిర్రర్ అనేది వాళ్ళలో ఒక తెగ. తెల్లోళ్ళు రాకముందు నుంచి ఆ భూమి వాళ్ళది. కాకపోతే వాళ్ళ చేతిలో పట్టా లేదు. మన డొక్కల కరువులో మన ముత్తాతల చేతిలో పట్టా ఉందా? అట్లనే.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ దేశ రాజ్యాంగంలో, జనాభా లెక్క కట్టేటప్పుడు ఆదివాసుల్ని కలపగూడదు అని ఒక మాట ఉండేది. మనుషుల లెక్కలోకి రాని మనుషులు. 1967లో ఓట్లు పెట్టి ఆ మాట తీసేసినారు. ఈ లెక్క సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తా.

లెక్కలో కలిపిన రెండేండ్లకే, 1969లో, విమానంలో మీటరు పెట్టుకొని ఆ అడవి మీద తిరిగినారు. యురేనియం ఉన్న చోట మీటరు కొట్టుకుంటుంది. పీకో, ఈజెడ్ అనే రెండు కంపెనీల పొత్తు అది. రేంజర్ అని పేరు పెట్టుకున్న చోట వాళ్ళకు యురేనియం తగిలింది. 1971లో దాని పక్కనే జబిలుకా అనే చోట ఇంకో పొత్తుకు తగిలింది. పాన్‌కాంటినెంటల్ అనే ఆస్ట్రేలియా కంపెనీ ఒకటి, గెట్టీ ఆయిల్ అనే అమెరికా కంపెనీ ఒకటి. 1973 నాటికి జబిలుకాలో ఇంకా పెద్ద నిక్షేపం బయటపడింది, లక్ష టన్నులకు పైమాట. పాన్‌కాంటినెంటల్ పాలు నూటికి 65, గెట్టీ పాలు 35.

పిల్లోళ్ళూ, 65, 35 కలిపితే ఎంత? వంద. సరిగా చెప్పినారు. మరి మిర్రర్ వాళ్ళ పాలెంత?

అదే. చెప్పడానికి లెక్క కూడా అక్కరలేదు.

ఇప్పుడు అసలు సంగతి వినండి. రేంజర్ కాడ ఇద్దరి పొత్తులోకి మూడో పాలివాడు వచ్చినాడు. ఎవరనుకున్నారు? ఆ దేశ ప్రభుత్వమే. 1974లో ఒప్పందం చేసుకున్నారు: గని పెట్టుబడిలో నూటికి 72న్నర ప్రభుత్వం పెడుతుంది, సగం పాలు ప్రభుత్వం తీసుకుంటుంది. పాలు మాట్లాడుకున్న తర్వాత, 1975లో, ఈ గని తవ్వచ్చా తవ్వకూడదా అని విచారణ చెయ్యమని ఫాక్స్ అనే జడ్జిని అదే ప్రభుత్వం పెట్టింది! ఊళ్ళో తగాదా వస్తే, భూమి కొనుక్కునేవాడే పెద్దమనిషిగా రచ్చకట్ట మీద కూచున్నట్టు. జడ్జి మంచోడే కావచ్చు. ఆదివాసుల మాట విన్నాడు, గని వద్దని వాళ్ళు చెప్పింది కూడా రాసినాడు. రాసి, 1977 నివేదికలో ఏమన్నాడు? వాళ్ళ వ్యతిరేకత నెగ్గకూడదని తేల్చినాడు.

అంతకు ముందు ఏడాది, 1976లో, ఆదివాసుల భూమి హక్కుల చట్టం వచ్చింది. మంచి చట్టం. మా భూమిలో గని వద్దు అని చెప్పే హక్కు దానితో వచ్చింది. కానీ అందులోనే ఒక సందు పెట్టినారు: రేంజర్ గనికి మాత్రం ఈ హక్కు వర్తించదని. చట్టం అందరికీ, మినహాయింపు యాడ యురేనియం ఉందో ఆడ! 1978లో ఒప్పందం మీద సంతకాలైనాయి. 1981 నుంచి రేంజర్ గని నడిచింది. ఆదివాసులకు రాయల్టీ నూటికి నాలుగుంబావు.

రాయల్టీ అంటే పాలు కదా సారూ అని అడుగుతారు. కాదు. పెద్దోళ్ళకు తెలుస్తుంది, మన తాతలు రైతులకు చెప్పులు కుట్టి, కపిల తొండాలు కుట్టి ఇస్తే కళ్ళం కాడ మేర కొలిచేవాళ్ళు. మేర వేరు, పాలు వేరు. పాలు తీసుకునేవాడు ఈ ఏడు ఏం పంట పెడదామో చెప్తాడు. మేర తీసుకునేవాడు కళ్ళం బయట నిలబడి ఉంటాడు. రాయల్టీ మేర లాంటిది.

ఆ గని ఎట్ల నడిచిందో రెండు ముక్కలు చెప్తా. 2004లో గనిలో శుద్ధి చేసే నీళ్ళ గొట్టం, తాగే నీళ్ళ గొట్టం కలిసిపోయినాయి. పనోళ్ళు ఆ నీళ్ళు తాగినారు, వాటితో స్నానం చేసినారు. కోర్టులో కంపెనీ తప్పు రుజువై జరిమానా పడింది. 2013 డిసెంబరులో యాసిడ్, రాతి ముద్ద కలిసిన పెద్ద ట్యాంకు పగిలి పది లక్షల లీటర్ల దాకా బయటికి పడింది. 2021 జనవరిలో పని ఆపేసినారు. తవ్విన గుంటలు పూడ్చి మళ్ళీ అడవి మాదిరి చెయ్యాలంటే రెండు వందల కోట్ల డాలర్లు దాటుతుందని ఇప్పుడు లెక్క చెప్తాండారు. అంత బాగా చట్టాలున్న దేశంలో, అంత డబ్బున్న దేశంలో సంగతి ఇది.

ఇక జబిలుకా. అక్కడ 1982లో ఒప్పందం అయింది. మమ్మల్ని విసిగించి, అలసిపోయేదాకా తిప్పి పెట్టించుకున్న సంతకం అని మిర్రర్ వాళ్ళు అంటారు. ఏండ్లు గడిచినాయి, 1991లో పొత్తు చేతులు మారింది. రేంజర్ నడిపే కంపెనీయే జబిలుకాను కొనుక్కుంది. మీరు సంతకం పెట్టింది వీళ్ళతో కాదు, కానీ మీ సంతకం వీళ్ళ బీరువాలోకి పోయింది. పొత్తులో పాళ్ళు అమ్ముకోవచ్చు గదా! కంపెనీ మారుతుంది, పేరు మారుతుంది, వేలిముద్ర మారదు.

1998లో కంపెనీ సొరంగం తవ్వడం మొదలుపెట్టింది. ఇవాన్ మార్గరులా అని ఒకామె, మిర్రర్ తెగకు పెద్ద. పెద్ద చదువులు చదివినామె కాదు. ఆమె పిలిస్తే దేశం నలుమూలల నుంచి జనం వచ్చినారు. ఎనిమిది నెలలు దారికి అడ్డం కూచున్నారు. వచ్చి పోయినవాళ్ళు ఐదు వేల మంది. ఐదు వందల మందికి పైన అరెస్టులు. ఇవాన్‌ను కూడా అరెస్టు చేసినారు. నేరం ఏమి? కంపెనీ భూమిలో అక్రమంగా అడుగు పెట్టిందంట! తన తాతల భూమిలో.

ఆ సొరంగాన్ని 2003లో మళ్ళీ మట్టితో పూడ్చినారు. 2005లో, మిర్రర్ వాళ్ళు సరే అంటేనే ఇక్కడ తవ్వాలి అని కంపెనీ రాసిచ్చింది. 2024 జులైలో ఆ కంపెనీ లీజును ఇక పొడిగించేది లేదని ప్రభుత్వం చెప్పింది. 1971లో బోరు దించినారు, 2024లో లీజు పొడిగించేది లేదన్నారు. యాభై మూడేండ్లు! ఒక మనిషి జీవితం. ఇవాన్ తండ్రి కాలంలో మొదలై ఆమె ముసలిది అయినాక తేలింది. ఇంకో సంగతి చెప్పి ఆ దేశాన్ని వదిలేస్తా. 2011లో జపాన్‌లో ఫుకుషిమా అణు కేంద్రం పేలిపోయినప్పుడు ఆమె ఐక్యరాజ్యసమితికి ఉత్తరం రాసింది, ఆ కేంద్రాలు నడిపినవాళ్ళకు మా భూమిలోంచి తవ్విన యురేనియం పోయింది, అది మాకు చాలా బాధగా ఉంది అని. ఒక్క గింజ పాలు లేని మనిషి పాపంలో పాలు తీసుకుంది చూడండి.

ఇప్పుడు మన ఊరికి వద్దాం.

మన దేశంలో యురేనియం ప్రైవేటు కంపెనీలకు ఇయ్యరు. వెతికేది కేంద్ర ప్రభుత్వ అణు ఖనిజాల సంస్థ, దాని ఆఫీసు హైదరాబాదు బేగంపేటలో ఉంది. తవ్వేది యురేనియం కార్పొరేషన్, 1967లో పెట్టినారు, జార్ఖండ్‌లో జాదుగూడలో ఉంది. రెండూ అణుశక్తి శాఖ కింద, ఆ శాఖ నేరుగా ప్రధానమంత్రి కింద. అడవిలో బోర్లు వేసుకోవచ్చు అని అనుమతి ఇచ్చేది కేంద్ర పర్యావరణ శాఖ. "ప్రైవేటోళ్ళు లేరు గదా సారూ, గవర్నమెంటే గదా, మనకు అన్యాయం చేస్తుందా" అని పొద్దున ఒక పెద్దాయన నన్ను అడిగినాడు. పెద్దనాయనా, రేంజర్ కాడ మూడో పాలివాడు ఎవరో ఇప్పుడే విన్నావు. వెతికేవాడు, తవ్వేవాడు, అనుమతి ఇచ్చేవాడు ఒకే ఇంటివాళ్ళయితే మనం ఎవరి గడప ఎక్కి మొరపెట్టుకోవాల? గవర్నమెంటు చెడ్డది అని నేను అనను, నేను తినే జీతం కూడా గవర్నమెంటుదే. పాలున్నవాడు తగువు తీర్చకూడదు. అంతే నేననేది.

కప్పట్రాళ్ళ అడవి సంగతి మీకు నాకంటే ఎక్కువ తెలుసు. 468 హెక్టార్లలో 68 బోర్లు వెయ్యడానికి కేంద్రం అనుమతి ఇచ్చిందని 2024లో తెలిసింది. ఆ నవంబరులో ఊళ్ళు కదిలినాయి, రోడ్డు మీద కూచున్నారు. ఆపుతున్నామని కలెక్టరు చెప్పినారు. సంతోషం. కానీ ఆపడం వేరు, రద్దు వేరు. ఎద్దును నిలబెట్టడం వేరు, కాడి దించడం వేరు. రద్దు అని రాసిన కాగితం అడిగి తీసుకోవాల్సిన బాధ్యత మనదే.

"బోరే గదా సారూ, మన చేలో మనం వెయ్యమా, ఏమవుతుంది" అని కూడా అంటాండారు. నిజమే చెప్తా, భయపెట్టి పోయే పని నాది కాదు. బోరు దించిన మర్నాడే క్యాన్సర్ వస్తుంది అని ఎవరైనా అంటే నమ్మొద్దండి. అట్లాంటి మాటలు చెప్పి, రేపు అవి తప్పని తేలితే మన నిజం మాటలు కూడా పోతాయి. వెతికే బోరు సన్నది, లోతైనది. లోపలి రాయిని గుండ్రటి కడ్డీల మాదిరి బయటికి తీస్తారు, పెట్టెల్లో వరసగా పెడతారు. బొక్కలోకి మీటరు దించి యాడ ఎంత ఉందో చూస్తారు. దానికి నీళ్ళు కావాలి, బండ్లు తిరిగే దారి కావాలి, చెట్లు కొట్టాలి. బోరును సిమెంటుతో సరిగా మూయకపోతే కింది నీళ్ళు, పై నీళ్ళు కలుస్తాయి. మన ప్రాంతంలో గొర్రెలకు, మనుషులకు ఒకటే నీళ్ళు. ఇది ఒక నష్టం. కానీ బోరుతో అసలు నష్టం ఇది కాదు. బోరు అనేది గని కాగితంలో మొదటి పేజీ. వెతకడానికి కోట్లు పెట్టినవాడు దొరికినాక ఊరకే పోడు. అన్వేషణే గదా అని మొదటి పేజీ మీద వేలిముద్ర వేస్తే, చివరి పేజీ కాడ వద్దంటే ఎవరు వింటారు?

చివరి పేజీ ఎట్ల ఉంటుందో చూడాలంటే దూరం పోనక్కర లేదు. కడప జిల్లాలో వేముల మండలం తుమ్మలపల్లె. 2006లో ప్రజాభిప్రాయ సేకరణ అన్నారు, 2007లో శంకుస్థాపన, 2012 నాటికి గని నడిచింది. అక్కడి రాయిలో యురేనియం నూటికి 0.04 పాళ్ళు. టన్ను రాయి తవ్వితే అర కేజీ కూడా రాదు. మిగిలిన రాయి యాడికి పోతుంది? పిండి చేసి, మందు నీళ్ళతో కలిపి ముద్ద చేసి, చెరువు మాదిరి కట్టిన గుంటలోకి వదులుతారు. యురేనియం తీసుకున్నారు గదా, ఇంకేముంది అనుకుంటాం. రాయిలో ఉన్న కిరణాల శక్తిలో ఎక్కువ భాగం ఆ ముద్దలోనే ఉంటుంది. రేడియం దాంట్లోనే ఉంటుంది. రేడియం సగానికి తగ్గాలంటే 1600 ఏండ్లు. పదహారు వందల ఏండ్లు ఆ కట్ట తెగకుండా కాపలా కాసే గవర్నమెంటు ఏది? మన చెరువు కట్టకు గండి పడితే ఐదేండ్లయినా పూడ్చరు.

ఆ గుంట పక్క ఊళ్ళ రైతులు బోరు నీళ్ళు చెడిపోయినాయని, అరటి తోటలు ఎండిపోయినాయని ఏండ్లుగా మొత్తుకుంటున్నారు. కాలుష్య నియంత్రణ మండలి నోటీసులు కూడా ఇచ్చింది. మా వల్ల కాదని సంస్థ అంటుంది. ఎవరిది నిజమో తేల్చడానికి గని రాకముందు ఆ ఊరి నీళ్ళెట్ల ఉండేవో కాగితం కావాలి గదా. ఆ కాగితం రైతు దగ్గర యాడుంటుంది? అందుకే చెప్తున్నా, మన బోరింగుల నీళ్ళు, మన బావుల నీళ్ళు ఇప్పుడే పరీక్ష చేయించి, తేదీతో సహా కాగితాలు దాచిపెట్టుకోండి. ఈ పని రేపే మొదలుపెట్టొచ్చు, దీనికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

అన్నీ ఓడిపోయిన కథలే కాదు. నల్గొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టు తండాలు నాగార్జునసాగర్ నీళ్ళకు పక్కనే. అక్కడ 2003లోనే ప్రజాభిప్రాయ సేకరణ పెట్టినారు, 2005లో పర్యావరణ అనుమతి కూడా వచ్చింది. లంబాడోళ్ళు, చుట్టుపక్క జనం వదలలేదు. తవ్వకం మొదలు కాలేదు. నల్లమలలో 2019లో అమ్రాబాద్ పులుల అడవిలో 83 చదరపు కిలోమీటర్లలో వెతకడానికి కేంద్ర కమిటీ ఒప్పుకుంది. నాలుగు వేల బోర్లు అన్నారు. చెంచులు మొదలుపెట్టి సినిమావాళ్ళ దాకా మాట్లాడినారు. ఆ సెప్టెంబరులో తెలంగాణ అసెంబ్లీ వద్దని తీర్మానం చెయ్యాల్సి వచ్చింది.

అయితే ఆటలో గీతలు మారుస్తున్నారు. ఇంతకు ముందు గని తవ్వే ముందు ప్రజాభిప్రాయ సేకరణ అని షామియానా వేసేవాళ్ళు. అది నాటకమే కావచ్చు. పోలీసుల్ని పెట్టి, కంపెనీ మనుషుల్ని ముందు వరుసలో కూచోబెట్టి జరిపేవాళ్ళు. అయినా మైకు పట్టుకొని వద్దు అని చెప్పడానికి ఒక రోజు ఉండేది. 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ ఉత్తర్వు ఇచ్చింది. అణు ఖనిజాల గనులకు ఇక ప్రజాభిప్రాయ సేకరణ అక్కరలేదంట. దేశ రక్షణ అవసరం అంట. వెతికే బోర్లకు ముందు నుంచీ అది లేదు. ఇప్పుడు గనికి కూడా లేదు. అంటే మొదటి పేజీ కాడా మనల్ని అడగరు, చివరి పేజీ కాడా అడగరు. 1927లో బాబాసాహెబ్ మహద్ చెరువు నీళ్ళు దోసిట్లోకి తీసుకున్నాడు. పైన కనపడే నీళ్ళ కోసం అంత కొట్లాట. ఇది కనపడని నీళ్ళ కొట్లాట, దీనికి ఇంకా ఎక్కువ జాగ్రత్త కావాలి.

సరే, ఇప్పుడు మనలో మనం మాట్లాడుకోవాల్సిన మాట. ఊళ్ళో పెద్దోళ్ళు పోరాట కమిటీ పెట్టినారు. "ఊరంతా ఒకటే, వాడోళ్ళు కూడా రావాలి" అని కబురు పెట్టినారు. దానికి మన పిల్లోళ్ళు ఏమన్నారు? "నిన్నటిదాకా హోటల్లో మా గ్లాసు వేరే పెట్టినోళ్ళు, గుడి మెట్టు ఎక్కనీయనోళ్ళు ఇవాళ ఊరంతా ఒకటే అంటాండారు. వాళ్ళ భూములు పోతాయని వాళ్ళకు భయం. మాకు భూమే లేదు, మాకేం పోతుంది?"

తమ్ముళ్ళారా, మీ కోపం న్యాయం. నాకూ అదే కోపం ఉంది. నేను డిగ్రీ చదివి ఊరికి వచ్చిన రోజు కూడా టీ కొట్టులో నా గ్లాసు నేనే కడిగి పెట్టినా. కానీ మాకేం పోతుంది అనే మాట లెక్క తప్పు. భూమి ఉన్నవాడికి భూమి పోతే పరిహారం కాగితమన్నా వస్తుంది. ఎర్రగడ్డ పెరికేటప్పుడు, శెనక్కాయ కోసేటప్పుడు, టమాట కోసేటప్పుడు మనకు దొరికే కూలికి ఏ పాసుపుస్తకం ఉంది? నీళ్ళు చెడిపోతే పెద్ద రైతు కర్నూలులో ఇల్లు తీసుకుంటాడు, డబ్బా నీళ్ళు కొనుక్కుంటాడు. మనం బోరింగు నీళ్ళే తాగాలి. ఎవరికి ఏమీ లేదో వాళ్ళకే ఎక్కువ పోతుంది.

చట్టంలో ఒక చిన్న పట్టు ఉంది. 2013 భూసేకరణ చట్టం ప్రకారం, భూమి లేకపోయినా మూడేండ్ల ముందు నుంచీ ఆ భూముల మీద కూలికో, కోరుకో బతికే కుటుంబం కూడా నష్టపోయిన కుటుంబమే. అట్లనే మనలో కొందరికి డీకేటీ పట్టాలున్నాయి. "అది గవర్నమెంటు ఇచ్చిన భూమి, ఊరికే తీసుకుంటాం" అని ఎవరైనా ఆఫీసరు అంటే భయపడొద్దు. డీకేటీ భూమి తీసుకున్నా పట్టా భూమికి సమానంగా పరిహారం ఇవ్వాలని మన హైకోర్టు 2004లోనే తీర్పు చెప్పింది. కానీ ఇదంతా భూమి తీసుకునేటప్పటి మాట. వెతికేటప్పుడు భూమి తీసుకోరు, కాబట్టి ఎవరికీ ఏమీ రాదు. మనకైతే అసలే రాదు.

అందుకని నా అభిప్రాయం, కమిటీలోకి పోవాలి. కానీ జెండాలు మోసేదానికి, ముందు వరుసలో లాఠీ దెబ్బలు తినేదానికి పిలిస్తే పోకూడదు. ఈ కమిటీ కూడా ఒక పొత్తే గదా. మన మనుషులొస్తేనే రోడ్డు నిండుతుంది, అది వాళ్ళకూ తెలుసు. పొత్తు మాట్లాడుకునే కాడ కూచొని మాట్లాడదాం. కమిటీలో వాడ నుంచి ఇద్దరుండాలి, అందులో ఒకరు ఆడమనిషి. అర్జీలో కూలోళ్ళ నష్టం, గొర్రెల మేపు, వాడ నీళ్ళు అనే మాటలు ఉండాలి. ఆఫీసర్లు వస్తే మాట్లాడేది రచ్చకట్ట మీద కాదు, మనం కూడా కూచోగలిగిన చోట, బడి ఆవరణలో. గ్లాసు మాట? అది కూడా ఆ రోజే తేల్చమని అడగండి. "ఇప్పుడు ఆ మాట ఎందుకు, ముందు యురేనియం సంగతి చూద్దాం" అంటారు. ఎప్పుడూ ఇదే అంటారు. ముందు స్వాతంత్ర్యం రానీ అన్నారు, ముందు కరువు పోనీ అన్నారు. రెండూ ఒకేసారి మాట్లాడొచ్చు, నోరు ఒకటే గానీ మాటలు చాలా ఉన్నాయి. వాళ్ళు ఒప్పుకోకపోతే మన అర్జీ మనమే వేరే పెడదాం. బోర్లు వద్దనే మాట మాత్రం రెండు అర్జీల్లోనూ ఉంటుంది, దాంట్లో తేడా రాకూడదు.

చివరి మాట, ఇందాక గుర్తుపెట్టుకోమన్న లెక్క సంగతి. ఇంకొన్నాళ్ళకు మీరు సుగ్గికి పోతారు. సగం వాడ గుంటూరు మిరపకాయ కోతలకు పోతుంది, ఇండ్లకు తాళాలు పడతాయి. ముసలోళ్ళు, బడికి పోయే పిల్లలు మిగులుతారు. అదే సమయానికి సర్వేవాడు వస్తాడు, గ్రామసభ అంటాడు. తాళం చూసి "ఇక్కడ ఎవరూ లేరు" అని రాసుకుంటాడు. ఆస్ట్రేలియాలో రాజ్యాంగంలో రాసి లెక్కలోంచి తీసేసినారు, మనల్ని తాళం చూసి తీసేస్తారు. నేను చిన్నప్పుడు మా అమ్మా నాయనా సుగ్గికి పోయినప్పుడే రేషను కార్డుల సర్వే జరిగింది. మా ఇంటికి తాళమని రాసుకొని పోయినారు. మూడేండ్లు మాకు కార్డు లేదు. మా అమ్మ ఆఫీసు మెట్ల మీద ఎన్ని దినాలు కూచుందో నాకు ఇప్పటికీ లెక్క తెలియదు.

అందుకే సుగ్గికి పోకముందే మూడు పనులు కావాలి. సుగ్గి నెలల్లో ఈ విషయం మీద గ్రామసభ పెట్టకూడదని, పెడితే మేము తిరిగొచ్చినాకనే పెట్టాలని కలెక్టరుకు అర్జీ, దానికి రసీదు. పంచాయతీలో బోర్లు వద్దని తీర్మానం, సంతకాలతో. ఆ తీర్మానానికి చట్టంలో ఎంత బలముందో వకీలు చెప్పాలి గానీ, 2024లో పని ఆగింది వకీలు మాటకు కాదు, జనం రోడ్డు మీద కూచున్నందుకు. మూడోది, ఈ వాడలో ఏ ఇంట్లో ఎంతమంది, ఎన్నేండ్ల నుంచి ఏ చేలల్లో కూలి చేస్తున్నారు, ఎన్ని గొర్రెలు, ఏ నీళ్ళు తాగుతారు, అంతా మన పుస్తకంలో మనమే రాసుకోవాలి. ఆఫీసరు లెక్క ఎట్లన్నా ఉండనీ, మన లెక్క మన దగ్గర ఉండాలి.

నోటుబుక్కు తెచ్చినా. తొమ్మిదో తరగతి చదివే ఈ పాప రాస్తుంది, దస్తూరి బాగుంటుంది. ఇంటికొక పేజీ. నిద్రొచ్చేదాకా రాద్దాం, మిగిలింది రేపు రాత్రి. అవ్వా, ముందు నువ్వు చెప్పు. మీ ఇంట్లో ఎంతమంది?